పన్నెండో పేరు

పుస్తకం విడుదలకు మూడు రోజులుందనగా వీరస్వామికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఏడు చారిత్రక నవలలు రాసిన మనిషి, డెబ్బయ్యారేళ్ళ వయసు, రెండు మోకాళ్ళకూ నొప్పులు. అయినా తార్నాకలోని ఆ మూడు గదుల ఇంట్లో హాలు నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి ఒకటే తిరుగుడు. ఫ్యాను వేస్తాడు, ఆపుతాడు. మంచినీళ్ళు తెచ్చుకుంటాడు, తాగడం మరిచిపోతాడు.

"జర ఒక్కకాడ కూసోరాదయ్యా. నిన్ను చూస్తుంటే నాకే కాళ్ళు గుంజుతున్నయ్," అంది నవనీత వంటింట్లోంచి. ఆమె అతని భార్య. పెళ్ళయిన ఈ నలభై ఎనిమిదేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు అన్నదో ఆమెకే తెలియదు.

విడుదలయ్యేది కొత్త నవల కూడా కాదు. అతనికి పేరు తెచ్చిన మొదటి నవల 'గానుగసున్నం' ముప్పై రెండేళ్ళ తర్వాత కొత్త అట్టతో, మంచి కాగితం మీద మళ్ళీ వస్తోంది. నిజాం కాలంలో యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక రాతి భవనం కట్టిన కూలీల కథ అది. తోటి పనివాడు రాయి కింద నలిగి చచ్చిపోతే, పన్నెండు మంది వడ్డెరలు సుత్తెలు కింద పడేసి పనికి పోకుండా కూర్చుంటారు. తొమ్మిదో రోజు వాళ్ళలో ఒకడు కంట్రాక్టరు పక్షం చేరి, లోపలి గుట్టంతా చెప్పేస్తాడు. సమ్మె అంతటితో సరి. ఆ ఒక్కడి పేరు కొమురెల్లి. నవలలో అందరూ అతన్ని పన్నెండోడు అంటారు. కొమురెల్లి ఒంటరిగా కంట్రాక్టరు డేరాకు నడిచిపోయే అధ్యాయం తీసేస్తే ఆ నవలలో మిగిలేది రాళ్ళూ సున్నమే. డిగ్రీ పాఠ్యపుస్తకంలో పెట్టింది ఆ అధ్యాయాన్నే, విద్యార్థులు నాటకంగా ఆడిందీ దాన్నే. వీరస్వామికి వచ్చిన అవార్డులూ, శాలువలూ, తార్నాక చౌరస్తాలో ఎదురుపడి నమస్తే పెట్టే మనుషులూ, అంతా ఆ ఒక్క నడక పెట్టిన భిక్షే.

అదంతా ఊహించి రాసింది కాదనేదే అతని గర్వం. యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు సెక్షన్ గుమాస్తాగా చేరినవాడు. పుస్తకాలకు నంబర్లు అంటించుకుంటూ బతికేవాడు. పుస్తకాలలో లేని చరిత్రంతా చుట్టుపక్కల బస్తీల్లో ముసలివాళ్ళ నోళ్ళలో ఉందని అతనికి ముప్పై ఏళ్ళ వయసులో తోచింది. అప్పటినుంచీ సెలవు దొరికితే చాలు, భుజాన టేప్ రికార్డర్, సైకిలు. తెల్లవారుజామున లేచి, నవనీత వంట మొదలుపెట్టేలోపు వంటింటి గట్టు మీదే కాగితాలు పరుచుకుని రాసేవాడు.

అతను ఒక నియమం పెట్టుకున్నాడు. ఏ సంగతైనా రెండు నోళ్ళు చెబితేనే రాయాలి. ఆ రెండు నోళ్ళూ ఒకే ఇంటివి కాకూడదు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు పదిమంది చెప్పినా అది ఒక్క నోటి కిందే జమ. మనుషుల పేర్లు మాత్రం అసలువే ఉంచుతాడు, కథ చెప్పినవాళ్ళ రుణం అట్లా తీర్చుకోవాలని అతని పట్టుదల. 'రెండు నోళ్ళ పద్ధతి' అని దీనిమీద సదస్సులు జరిగాయి. గురువారం సభలో అతను మాట్లాడాల్సింది కూడా దీని గురించే.

ఆ సోమవారం మధ్యాహ్నం స్వర్ణ వచ్చింది. తెలుగు శాఖలో రీసెర్చ్ స్కాలరు. వీరస్వామి జీవితమూ నవలలూ ఆమె పీహెచ్‌డీ. అతని పాత క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో పట్టుకుపోయి, లైబ్రరీలోని మిషన్ మీద ఒక్కొక్కటే ఫోన్లోకి ఎక్కిస్తోంది.

"సార్, పద్నాలుగో క్యాసెట్‌ల ఒక డౌటున్నది. మీరు వింటే క్లియర్ అయితది," అని ఫోను టీపాయ్ మీద పెట్టి నొక్కింది.

తొంభై ఒకటో సంవత్సరం క్యాసెట్టు. గరగరమనే చప్పుడు, ఎక్కడో కోడి, ఆ తర్వాత నలభై రెండేళ్ళ వీరస్వామి గొంతు. ఎంత ధీమా ఆ గొంతులో. అతను మాట్లాడుతున్నది రాములమ్మ అనే ముసలామెతో. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో ఉండేది, పడుచుతనంలో ఆ భవనానికే సున్నం మోసింది. సమ్మెలో ఎవరెవరున్నారు పెద్దమ్మా అని వీరస్వామి అడిగాడు. ఆమె తాపీగా చెబుతోంది. పెద్ద ఎల్లడు, చిన్న ఎల్లడు, బండ సాయిలు, కుంటి మల్లడు. అట్లా పదకొండు పేర్లు చెప్పి ఆగిపోయింది.

"పన్నెండు మంది గద పెద్దమ్మా. ఇంకొకలు?"

"ఉన్నరు ఇంకొకలు. సదువుకున్నోనివి, నువ్వే రాసుకో," అని చిన్నగా నవ్వింది రాములమ్మ.

"పేరు చెప్పవా?"

జవాబు లేదు. వెనక నుంచి ఇంకో ఆడగొంతు, కొంచెం చిన్న వయసుది, "అమ్మ చెప్పదు సారూ. ఆ పేరు..." అంటోంది. "ఆగమ్మా, పెద్దామెను మాట్లాడనీ," అన్నాడు వీరస్వామి. క్యాసెట్టు ఆ పక్క అయిపోయింది.

"ఆమె ఆ ఒక్క పేరే ఎందుకు చెప్పలేదు సార్?" అని స్వర్ణ అడిగింది.

వీరస్వామి ముఖం విప్పారింది. ఇది అతను వంద సభల్లో చెప్పిన ముచ్చట. "అసలు కీలకమే అది. సమ్మె అయినప్పుడు ఆడ కావలి ఉన్న ముసలాయన ఒకలు నాకు మౌలాలిల దొరికిండు. లోపలోడే ఎవడో చెప్పిండు, పేరు నాకు తెల్వదన్నడు. అది మొదటి నోరు. హాజరు పట్టీల చూస్తే పన్నెండు పేర్లున్నయి. ఈమె పదకొండు చెప్పి ఒకటి మింగింది. మింగింది ఏ పేరు? కొమురెల్లి. ద్రోహం చేసినోని పేరు నోటికి రానియ్యలేదు. అది రెండో నోరు. ఆ దినం నేను బస్తీ నుంచి ఇంటిదాక ఆగకుండ సైకిల్ తొక్కిన. నవల నా చేతిల పడ్డదని తెలిసిపోయింది."

స్వర్ణ రాసుకుంటోంది. అప్పుడే టీ గ్లాసులు తెచ్చిన నవనీత, ట్రే చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

"ఆ ముసలామె పెనిమిటి పేరేంది?" అంది.

"ఎందుకు?"

"ఆ మిగిలినాయన ఆమె పెనిమిటి గావచ్చు. లేకుంటె ఎందుకు చెప్పదు?" ట్రే కింద పెట్టింది. "మొగని పేరు నోటితోని ఎట్ల చెప్తది? నలభై ఎనిమిదేండ్ల సంది నీ పేరు పెట్టి నేనెన్నడన్న పిలిచిన్నా?"

అని, చక్కెర డబ్బా మరిచిపోయానంటూ లోపలికి పోయింది. "ఇన్ని క్యాసెట్లు ఇంట్ల పెట్టుకున్నవ్. ఒక్కనాడన్న నాకు వినిపించకపోతివి," అని లోపలినుంచే అంది.

వీరస్వామి గ్లాసు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బీరువా తెరిచి పాత నోటుబుక్కు లాగాడు. 'రాములమ్మ. వయసు డెబ్బై పైన. కూతురింట్లో ఉంటుంది. సున్నం మోసింది.' అంతే. ఎవరి భార్యో లేదు. ఆమె ఎన్ని తట్టలు మోసిందో అడిగాడు, సున్నంలో ఏమేం కలిపేవారో అడిగాడు, రాత్రిళ్ళు కప్పుకున్న దుప్పటి రంగు అడిగాడు, మొగుడెవరని మాత్రం అడగలేదు. ఆ మాట అతనికి తోచనేలేదు.

ప్రచురణకర్త రత్నాకర్‌కు ఫోన్ చేశాడు. "ఒక పేరు మార్చాల్నంటే అయితదా?"

"సార్, ప్రింటయి బైండింగ్‌ల ఉన్నయి. నెక్స్ట్ ఎడిషన్‌కు మారుద్దాం, ఒక్క క్లిక్ పని. ఏ పేరు సార్?"

వీరస్వామి చెప్పకుండానే పెట్టేశాడు. చెప్పులు వేసుకున్నాడు. స్వర్ణ లేచి, "ఆటో పిలుస్తా సార్," అంటే వద్దన్నాడు. కూర్చుని పోయే ప్రయాణం అతనివల్ల కాదిప్పుడు.

మెట్రో పిల్లర్ల కింద నుంచి రోడ్డు దాటి, ఇద్దరూ క్యాంపస్‌లోకి నడిచారు. గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కరెంటు అఫైర్స్ బట్టీ పడుతున్నారు. ఎవరో అతన్ని గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. వీరస్వామి చూడలేదు.

"కావచ్చు, కాకపోవచ్చు సార్," అంది స్వర్ణ అతని అడుగులను అందుకుంటూ. "మేడం ఊరికే అన్నరేమో."

"ఊరికే అనలే. నాకు తెలుసు ఆమె." నాలుగడుగులు వేసి మళ్ళీ, "అయినా ఆ ముసలామె పెనిమిటి సాయిలు గావచ్చు గద," అన్నాడు. ఇంకో నాలుగడుగులు వేసి, "సాయిలు పేరు చెప్పింది. కాడు," అని తనకు తానే కొట్టేశాడు. ఆమె చెప్పిన పదకొండు పేర్లూ అట్లాగే ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోయాడు. 

రాతి భవనం ముందు ఆగాడు. ఉద్యోగం చేసిన ముప్పైనాలుగేళ్ళూ దీని ముందునుంచే లైబ్రరీకి పోయాడు. కొమురెల్లి గనక రాములమ్మ భర్తే అయితే, తొమ్మిది రోజులు పస్తుండి నిలబడ్డ మనిషిని తాను ముప్పై రెండేళ్ళుగా ద్రోహిని చేసి ఊరంతా తిప్పాడు. అదొకటి. 'గానుగసున్నం' పోతుంది, దానితో రెండు నోళ్ళ పద్ధతీ పోతుంది, తాను పోతాడు. అది రెండోది. సిగ్గు విడిచి చెప్పాలంటే, అతను ముందు భయపడింది రెండోదానికే. ఆ సంగతి తనకు తెలిసిపోయి అతని మీద అతనికే రోత పుట్టింది.

క్యాంపస్ గోడ దాటితే మాణికేశ్వర్ నగర్. ఒకప్పటి గుడిసెలన్నీ ఇరుకిరుకు మేడలైపోయాయి, సందులు మాత్రం అవే. కిరాణా కొట్టులో కూర్చున్న అతన్ని వీరస్వామి అడిగాడు, "పాతకాలపు రాయి పని కొమురెల్లి, ఆయన బిడ్డ వాళ్ళు ఉండాలె ఈడ."

"ఏ కొమురెల్లి? పన్నెండోని ఇల్లా? సీదా పోయి నల్లా కాడ లెఫ్ట్‌కు తిరుగుండ్రి, పచ్చ గేటు."

అతను వెక్కిరించలేదు, నవ్వలేదు. పోస్టాఫీసు ఎక్కడంటే చెప్పినట్టు చెప్పాడు. వీరస్వామి కొట్టు ముందున్న పాల డబ్బా మీద కూర్చున్నాడు. ఇంట్లో పొద్దటినుంచీ కూర్చోలేనివాడు ఇక్కడ కూర్చున్నాడు. స్వర్ణ నీళ్ళ సీసా ఇస్తే తాగి లేచాడు.

పచ్చ గేటు లోపల వరండాలో ఎనభై ఏళ్ళ ముసలామె చేటలో బియ్యం ఏరుతోంది. చూపు సరిగా ఆనడం లేదు కాబోలు, చేట ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. "రాములమ్మ వాళ్ళ ఇల్లు ఇదేనా అక్కా?" అని వీరస్వామి అన్నాడో లేదో ఆమె తలెత్తింది.

"టేపు సారువు గదా నువ్వు," అంది. "గొంతు ముసలిదైంది గని అదే గొంతు. నేను ఉప్పలమ్మను, ఆమె బిడ్డను. కూసో."

వీరస్వామి కూర్చోలేదు. నిలబడే అడిగాడు, "మీ అమ్మ పెనిమిటి పేరేందక్కా?"

"కొమురెల్లి. మా నాయిన."

అంత తేలిగ్గా చెప్పేసింది. ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు. దానికి ముప్పైనాలుగేళ్ళు పట్టింది.

"ఆ దినం నేను చెప్పబోతి," అంది ఉప్పలమ్మ చేట పక్కన పెట్టి. "అమ్మకు ఆ పేరు నోటికి రాదు, నాకొస్తది గద. బిడ్డకేం అడ్డం? నువ్వు ఆగుమంటివి."

"ఒకే ఇంటోళ్ళ ఇద్దరి మాట..." అని మొదలుపెట్టి వీరస్వామి ఆపేశాడు. సభల్లో చప్పట్లు కొట్టించిన ఆ నియమాన్ని ఈ వరండాలో పూర్తిగా పలకడానికి అతనికి ముఖం చెల్లలేదు.

"మరి పుస్తకం వచ్చినంకనన్న చెప్పకపోతిరి," అని గొణిగాడు.

"మాకు సదువొస్తదా సారూ? పుస్తకం వచ్చిందనే తెల్వదు. కాలేజీ పిల్లలు వచ్చి గీ నల్లా కాడ నాటకం ఆడిండ్రు. మీ తాతల కథే అన్నరు. మా నాయిన పేరు వస్తదంటే నేనూ అమ్మా ముందటి వరుసల కూసున్నం. వచ్చింది పేరు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాటకం అయిపోయి అందరు లేచినా అమ్మ లేవలే. నేనే రెక్క పట్టి లేపిన. తెల్లారి నీ ఆఫీసుకు వచ్చినం ఇద్దరం."

వీరస్వామికి గుర్తొచ్చింది. లైబ్రరీ మెట్ల మీద రాములమ్మ. తన కథను నాటకంలో చూసుకుని సంతోషం పట్టలేక వచ్చిందనుకున్నాడు. ఎవరినో పంపి శాలువ తెప్పించి కప్పాడు, ఫోటో తీయించాడు. ఆమె కన్నీళ్ళు కూడా పడ్డాయి ఆ ఫోటోలో. ఆ ఫోటోనే ఇప్పుడు కొత్త ముద్రణ వెనక అట్ట మీద వేశారు.

"నేను నోరు తెరిచేటాల్లకు ఫోటో తీసుడు అయిపాయె, నువ్వు మీటింగుకు పోతివి. అమ్మ ఇంటికొచ్చి శాలువ మడతపెట్టి సందుగుల పెట్టింది. కప్పుకోలే. రెండేండ్లకు పోయింది."

స్వర్ణ వరండా చివరన నిలబడి ఏడుస్తోంది. వీరస్వామికి ఏడుపు కూడా రాలేదు. 

గేటు చప్పుడైంది. తలా చొక్కా అంతా తెల్లటి రాతిపొడితో ఒక మనిషి బండి దిగి లోపలికొచ్చాడు. ఉప్పలమ్మ మనవడు పరుశురాం, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, గ్రానైట్ పాలిష్ పని. "టేపు సారు వచ్చిండు," అని ఆమె చెప్పగానే అతని ముఖం బిగుసుకుపోయింది. అయినా చేతులు కడుక్కుని వచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, మెల్లగానే మాట్లాడాడు.

"డిగ్రీ ఫస్టియర్‌ల మీ పాఠం ఉండె సార్ మాకు. పరీక్షల ఒక మార్కు ప్రశ్న వచ్చింది. 'సమ్మెకు ద్రోహం చేసినది ఎవరు?' క్లాసంత రాసిండ్రు. నేను రాయలే. మా ముత్తాత మీద ఒక్క మార్కు తెచ్చుకోవాల్నా? రిజల్ట్స్ వచ్చినంక ఒకడు, నీకెట్ల తెల్వదురా మీ ఇంటాయనే గదా అన్నడు. మల్ల పోలే నేను కాలేజీకి."

"మారుస్తా," అన్నాడు వీరస్వామి గబగబా. దారి పొడవునా మనసులో కూడబెట్టుకున్న మాట ఇదే. "పేరు తీసేస్తా బిడ్డా. కొమురెల్లి తీసి ఇంకో పేరు పెడుతా, లేని మనిషి పేరు. కథ కథలెక్కనే ఉంటది, మీ మీదికి ఏం రాదు."

"పేరు తియ్యకు," అంది ఉప్పలమ్మ.

ఆమె గొంతు పెంచలేదు. 

"పేరెందుకు తీస్తవ్ సారూ? మా నాయిన ఆ బిల్డింగుకు రాయి కొట్టిండు. తొమ్మిది దినాలు పస్తున్నడు. పేరు తీస్తే అదంత గూడ పోతది గద. పేరుండనీ. ఆయన చెయ్యని పని తియ్యి."

చెయ్యని పని తీస్తే నడక పోతుంది, డేరా పోతుంది, నవల పోతుంది. ఇంత జరిగినా వీరస్వామిలోని నవలాకారుడికి బుద్ధి రాలేదు చూడండి. "మరి చెప్పిందెవరక్కా? ఎవరో ఒకలు చెప్పకుంటె సమ్మె ఎట్ల పోయింది?" అని అడిగేశాడు.

"ఎవరు చెప్తరు, ఏం చెప్తరు? దాచుకునేదేమున్నది ఆడ? తొమ్మిదో దినానికి ఏ ఇంట్లనూ గింజ లేదు. చిన్న ఎల్లని బిడ్డ జరంతోని పడున్నది. పన్నెండు మంది కూసొని మాట్లాడుకొని, కలిసే పోయి సుత్తెలు పట్టుకున్నరు. నాయిన బతికినన్ని దినాలు చెప్పేటోడు, సిగ్గుపడకుంట చెప్పేటోడు. ఆకలైతే అందరికైతది గద."

ద్రోహి లేడు. మౌలాలి ముసలాయన పేరు చెప్పలేకపోయిందీ అందుకే. ముప్పైరెండేళ్ళ పేరు, ఎన్నో సభలు, ఒక మార్కు ప్రశ్న, అన్నీ ఒక లేని మనిషి చుట్టూ కట్టుకున్నవి. ఆకలితో పన్నెండు మందీ కలిసి తిరిగి వచ్చారంటే నవలకు చాలదు. అతనికి ఒకడు కావలసి వచ్చాడు. నియమం ప్రకారం చూస్తే ఇప్పుడీమె చెప్పింది కూడా ఒక్క నోరే కదా, ఇంకో ఇంట్లో అడగాలి కదా అని లోపల ఒక ఆలోచన తల ఎత్తింది. వీరస్వామి దాన్ని అక్కడే తొక్కేశాడు.

జేబులోంచి ఫోను తీసి రత్నాకర్‌కు చేశాడు. "గురువారం పుస్తకం రిలీజ్ లేదు."

"అదేంది సార్? ఇన్విటేషన్లు పోయినయి, గెస్టులు వస్తున్నరు."

"రానీ. నేనూ వస్తా. మాట్లాడుత. పుస్తకం మాత్రం ఇవ్వద్దు ఎవరికీ. నేను మళ్ళ రాస్త. రాయగలిగితె."

ఫోను పెట్టి, ఉప్పలమ్మ వైపు చూసి, "గురువారం యూనివర్సిటీల పెద్ద సభ ఉన్నదక్కా. అందరి ముందట చెప్తా. నేను తప్పు రాసిన అని చెప్తా," అన్నాడు. ఇంత పెద్ద మాట అన్నందుకు అతనికే కొంచెం ఊపిరి తిరిగింది.

ఉప్పలమ్మకు అది చాలలేదు. "ఆ సభల మమ్మల్ని పన్నెండోని ఇల్లు అన్నోడు ఎవడున్నడు సారూ?" అంది. "అనేటోళ్ళంత గీడ్నే ఉన్నరు. నల్లా వచ్చే యాళ్ళైంది. నడువు."

ఆమె కర్ర అందుకుని లేచింది. పరుశురాం, "వద్దు నానమ్మా, వాళ్ళతోని మనకేం," అన్నాడు గానీ ఆమె వినలేదు. గేటు దాటి, సందులోంచి నల్లా దాకా ఆమె ముందు, వీరస్వామి వెనక. ఆరు గంటలవుతోంది. పనుల నుంచి తిరిగొచ్చేవాళ్ళూ, బిందెలతో ఆడవాళ్ళూ, బండ్లూ, సందు నిండిపోయింది. నాటకం ఆడింది ఇక్కడే.

"ఇగో, గీ సారు ఒక మాట చెప్తడట. వినుండ్రి," అంది ఉప్పలమ్మ.

"ఏం అమ్ముతున్నడు?" అని ఎవరో అన్నారు. ఇద్దరు నవ్వారు.

వీరస్వామి వందల సభల్లో మాట్లాడాడు. మైకు లేకుండా, కుర్చీ లేకుండా, తడి బండ మీద నిలబడి మాట్లాడటం ఇదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నా పేరు వీరస్వామి," అన్నాడు. ముందున్నవాళ్ళకే వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "పన్నెండోడు అని పుస్తకంల రాసింది నేను. ఇన్నేండ్ల కింద మీరు ఈడ చూసిన నాటకం నా పుస్తకమే. ఈ ఇంటి కొమురెల్లి సమ్మెకు ద్రోహం చేసిండని రాసిన. అది నిజం కాదు. ఆయన చెయ్యలే. ఆయన పెండ్లాం పెనిమిటి పేరు చెప్పకపోతే, ఆ పేరు నేను ద్రోహికి పెట్టిన. నేను సరిగ అడగలే."

నల్లా కారుతూనే ఉంది. బిందె నిండిపోయి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు. కిరాణా కొట్టతను కూడా వచ్చి నిలబడ్డాడు.

"అయితె ద్రోహం చేసినోడు ఎవరు మరి?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"ఎవరు లేరు," అన్నాడు వీరస్వామి. "పన్నెండు మందిల ఎవరు చెయ్యలే. చేసినోడు ఎవరన్న ఉన్నడంటె నేనే."

 ఒకామె వంగి నిండిన బిందె పక్కకు జరిపింది. ఇంకొకామె తన బిందె పెట్టింది. పరుశురాం గోడకు ఆనుకుని ముఖం అటు తిప్పుకున్నాడు. అయిపోయిందనుకుని వీరస్వామి బండ మీద నుంచి ఒక కాలు కిందికి దించాడు.

ఉప్పలమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఆగు సారూ. పై సందోళ్ళు ఇప్పుడే పని నుంచి దిగిండ్రు, వాళ్ళు ఇనలే. ఇంకోపారి చెప్పు."

వీరస్వామి దించిన కాలు మళ్ళీ బండ మీద పెట్టి, తన పేరు నుంచి మొదలుపెట్టాడు.